జపాన్ చదువు: వారానికి 28 గంటల లెక్క

ఐదేళ్లలో ఇరు దేశాల మధ్య ఐదు లక్షల మందికి పైగా రాకపోకలు సాగించాలని, అందులో భాగంగా భారత్ నుంచి 50 వేల మంది నిపుణులు, ప్రతిభావంతులు జపాన్‌కు వెళ్లేలా చూడాలని 2025 ఆగస్టులో ఉభయ ప్రభుత్వాలు కార్యాచరణ ప్రణాళికను ప్రకటించాయి. 2033 నాటికి నాలుగు లక్షల మంది విదేశీ విద్యార్థులను చేర్చుకోవడం టోక్యో లక్ష్యం. 2024 మే నాటికి ఆ సంఖ్య 3,36,708. చైనాది మొదటి స్థానం కాగా, 60 వేలకు పైగా విద్యార్థులతో నేపాల్ రెండో స్థానంలో ఉంది. భారతీయులు మాత్రం రెండు వేల లోపే. ఒప్పందాలు ఎంత ఉదారంగా ఉన్నా, ఈ అంతరం తగ్గడం విద్యార్థి దైనందిన జీవితంపైనే ఆధారపడి ఉంది.

ఆ జీవితం పత్రాలతో మొదలవుతుంది. ప్రధాన విమానాశ్రయాల్లో దిగగానే నివాస కార్డు ఇస్తారు. బస కుదిరిన 14 రోజుల్లో స్థానిక పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. జాతీయ ఆరోగ్య బీమాలో చేరడం తప్పనిసరి. చేరినవారు వైద్య ఖర్చులో 30 శాతం భరిస్తే చాలు. ఇరవై ఏళ్లు నిండితే పింఛను పథకంలోనూ చేరాలి. 2025 ఆర్థిక సంవత్సరంలో దాని నెల చందా 17,510 యెన్లు. విద్యార్థులకు వాయిదా వెసులుబాటు ఉన్నా, అది దరఖాస్తు చేసుకున్నవారికే వర్తిస్తుంది. అద్దె ఇంటికి అడ్వాన్సుతో పాటు, చాలా చోట్ల ‘రెయికిన్’ పేరిట తిరిగిరాని సొమ్ము చెల్లించాలి. హామీ సంస్థనూ చూపాలి.

ఇక సంపాదన. ముందస్తు అనుమతి పొందిన విద్యార్థి చదువు సాగే రోజుల్లో వారానికి 28 గంటలు, దీర్ఘకాలిక సెలవుల్లో రోజుకు ఎనిమిది గంటల వరకు పనిచేయవచ్చు. టోక్యోలో 2025 అక్టోబరు నుంచి గంటకు కనీస వేతనం 1,226 యెన్లు. నాలుగు వారాలు గరిష్ఠంగా పనిచేస్తే చేతికందేది సుమారు 1.37 లక్షల యెన్లు. అద్దె, తిండి, రవాణా ఖర్చులన్నీ అందులోనే. జాతీయ విశ్వవిద్యాలయాల ప్రామాణిక వార్షిక రుసుము 5,35,800 యెన్లు కాగా, టోక్యో విశ్వవిద్యాలయం 2025లో దాన్ని 6,42,960కి పెంచింది. గంటల పరిమితి దుకాణానికి కాదు, వ్యక్తికి. రెండు చోట్ల చేసిన పనినీ కలిపే లెక్కిస్తారు. వీసా పొడిగింపు వేళ ఆదాయపు పత్రాల్లో అదనపు గంటలు బయటపడితే చదువుకే ముప్పు.

ఆ 28 గంటలైనా దక్కాలంటే భాష రావాలి. నేపాలీ విద్యార్థుల్లో చాలామంది ముందుగా భాషా పాఠశాలల్లో చేరతారు. దుకాణంలో గల్లాపెట్టె దగ్గర నిలబడేసరికి వారికి కొంత జపనీస్ వచ్చి ఉంటుంది. ఆంగ్లంలో బోధించే స్నాతకోత్తర కోర్సుల్లో నేరుగా చేరే భారతీయులకు ఆ అవకాశం తక్కువ. ప్రయోగశాలలో ఆంగ్లం సరిపోతుంది. ఆసుపత్రిలో, ఇంటి యజమాని వద్ద, చెత్తను ఏ రోజు ఏ రకంగా వేరుచేయాలో చెప్పే పట్టిక ముందు సరిపోదు. చాలా కంపెనీలు పట్టా చేతికి రావడానికి ఏడాది ముందే నియామకాలు ప్రారంభిస్తాయి. ముఖాముఖి పరీక్షలు ఎక్కువగా జపనీస్‌లోనే ఉంటాయి. చేరాక భాష నేర్చుకుందామనుకున్నవారికి అప్పటికే కాలం మించిపోతుంది.

పరిశోధక విద్యార్థులకు మరో ఇబ్బంది ఎదురవుతోంది. డాక్టరేట్ విద్యార్థులకు ‘స్ప్రింగ్’ పథకం కింద ఇచ్చే జీవన భృతిని 2027 నుంచి జపాన్ పౌరులకే పరిమితం చేయాలని ఆ దేశ విద్యాశాఖ నిర్ణయించింది. ఒక చేత్తో ఆహ్వానిస్తూ మరో చేత్తో భృతిని వెనక్కి తీసుకోవడం ప్రకటిత లక్ష్యాలకు పొసగదు.

తెలుగు నేలకు సంబంధించి ఒక మంచి నమూనా ఉంది. హైదరాబాద్ ఐఐటీ ప్రాంగణ నిర్మాణానికి జపాన్ సహకార సంస్థ జైకా రుణసాయం అందించింది. అక్కడి పట్టభద్రులు జపాన్‌లో పైచదువులు చదివేందుకు ఉపకార వేతనాలూ ఇచ్చింది. ఇలాంటి సాయానికి ప్రయాణానికి ముందే జరిగే భాషా శిక్షణ తోడుకావాలి. దాని వ్యయంలో రెండు ప్రభుత్వాలూ పాలుపంచుకోవాలి. కుటుంబాలు సైతం మొదటి ఏడాది ఖర్చును పార్ట్‌టైమ్ సంపాదన కలపకుండానే లెక్కవేసుకోవడం మేలు. 28 గంటల వేతనం చదువుకు ఆసరా మాత్రమే. దాన్నే పెట్టుబడిగా నమ్ముకుంటే చదువే వెనకబడుతుంది.