కమాను కింద కొట్టు

హైదరాబాద్‌లో రోము నగరాన్ని చూడాలంటే హుసేనీ ఆలం వెళ్లాలి. పాయిగా నవాబుల ఖుర్షీద్ జా దేవిడీ అక్కడుంది. యూరప్ పద్ధతిలో కట్టిన మహలు, ముందు వరసగా పొడవాటి గుండ్రటి స్తంభాలు. చాలా ఏళ్లపాటు దాని ముందున్న మైదానం గల్లీ పిల్లల క్రికెట్‌కే పనికొచ్చింది. దేవిడీని ఆనుకుని దుకాణాలు లేవు, లోపల కిరాయిదార్లు లేరు. అయినా పెచ్చులూడింది, కిటికీలు పోయాయి, గోడ సందుల్లో చెట్లు మొలిచాయి. బాగుచేసే పని మొదలయ్యేసరికి అది నిజంగానే శిథిలమైపోయింది.

అక్కడికి నడకదూరంలోనే గుల్జార్ హౌజ్ కూడలి. దాని చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు: ఉత్తరాన మఛ్లీ కమాన్, తూర్పున కాలీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, పడమర షేర్-ఎ-బాతిల్ కీ కమాన్. చార్మినార్ 1591 నాటిది, ఇవి ఆ మరుసటి ఏడాదివని చెబుతారు. పడమటి కమాను కుతుబ్‌షాహీల మహళ్లకు సింహద్వారం. ఆ మహళ్లు మాయమైపోయినా ద్వారం నిలబడే ఉంది. దాని కింద నుంచి ఇవాళ ఆటోలూ తోపుడు బండ్లూ వెళ్తుంటాయి, ఒక్కోసారి ఒకే స్కూటీ మీద ముగ్గురు పిల్లలూ.

ఓ పొద్దున షట్టర్లు లేవకముందు వెళ్లి ఒక కమాను గోడను దగ్గరగా చూశాను. మనిషి ఎత్తులో ఒక మేకు, దానికి చుట్టిన కేబుల్ వైర్లు. దాని పక్కన అరచేతి వెడల్పున సిమెంటు మాసిక. మాసిక మాత్రం గట్టిగానే ఉంది, దాని చుట్టూ ఉన్న పాత గచ్చే పొడిపొడిగా రాలుతోంది. డంగు సున్నం తేమను పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. సిమెంటుకు ఆ గుణం తక్కువ. లోపల చిక్కుకున్న తడి పక్కనున్న సున్నాన్ని తినేస్తుంది. గోడకు మేలు చేద్దామనే ఎవరో ఆ మాసిక వేసి ఉంటారు.

ఇలాంటివి చూసినవాళ్లు కమాన్ల దగ్గరి కొట్లవాళ్లందర్నీ ఖాళీ చేయించమంటారు. ఆ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేం. ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో రోమన్ల నాటి పెద్ద క్రీడారంగం ఉంది. మధ్యయుగాల్లో జనం దాన్ని కోటగా మార్చుకుని లోపల రెండు వందలకు పైగా ఇళ్లు కట్టుకున్నారు. 1820ల్లో ఆ ఇళ్లను తొలగించడం మొదలుపెట్టాకే లోపలి రంగం మళ్లీ బయటపడింది. మన చార్మినార్ చుట్టూ బస్సులూ లారీలూ తిరగడం ఆపేసి, నడిచేవాళ్ల కోసం రాళ్లు పరిచాక ఆ కట్టడం కొంత ఊపిరి పీల్చుకున్న మాట నిజం. అయినా 2019 మే నెలలో ఒక మీనారు నుంచి గచ్చు పెళ్ల ఊడిపడింది. వాన తడి అని కొందరు, యంత్రాల అదురు అని కొందరు అన్నారు. నాలుగు వందల ఏళ్లు దాటిన సున్నానికి రెండూ శత్రువులే.

కేంద్రం రక్షించే కట్టడం చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం కూడదనీ, ఆపైన మరో రెండు వందల మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదనీ 2010 చట్ట సవరణ చెబుతోంది. ఆ చట్టం లేకపోతే చార్మినార్ పక్కన ఈపాటికి ఆరంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ లేచేదని నా అనుమానం.

ఇంతకీ రోములోనే మరో రకం ఉదాహరణ ఉంది. మార్సెల్లస్ థియేటర్ రెండు వేల ఏళ్ల నాటిది. దాని పై అంతస్తుల్లో ఈనాటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. అక్కడ వానకు కప్పు కారితే ముందు ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది. మన దేవిడీలో కారితే తెలుసుకునేవాళ్లే లేకపోయారు. కమాన్ల దగ్గర తాతల నాటి నుంచి కొట్లు నడుపుతున్నవాళ్లను ఆక్రమణదారులు అని ఒక్క మాటతో తేల్చేయడానికి నాకు అందుకే మనసొప్పదు. ముత్యాల కొట్లూ గాజుల అంగళ్లూ తీసేస్తే అక్కడ మిగిలేది టికెట్ కొని చూసే రాయి.

అలాగని మరీ మురిసిపోనక్కర్లేదు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనంలో మంటలు లేచి 17 మంది చనిపోయారు. వాళ్లలో పసిపిల్లలున్నారు. కింద నగల దుకాణాలు, పైన కాపురాలు, పైకి ఎక్కడానికి ఒకే ఇరుకు దారి. పాత బస్తీ బతుకు ఎంత అందమైనదో చెప్పేవాళ్లం ఆ మెట్ల ముందు నిలబడి చెప్పాలి. నాతో సహా.

ఇప్పుడు మెట్రో తగువు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా రావాల్సిన లైను 2020 ఫిబ్రవరిలో మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) దగ్గరే ఆగిపోయింది. అక్కణ్నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల పనికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దారుల్‌షిఫా, శాలిబండ వైపు రోడ్డు వెడల్పు కోసం ఇళ్లు కూలాయి. ఊరంతటికీ ఇచ్చి మాకే ఎందుకివ్వరన్న పాత బస్తీ జనం ప్రశ్నకు వారసత్వం పేరు చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు. గ్రీసులో థెస్సలొనీకి మెట్రో తవ్వుతుంటే రోమన్, బైజాంటిన్ కాలాల రోడ్డు బయటపడింది. ఏళ్ల తరబడి గొడవపడ్డారు. చివరికి రాళ్లను ఊడదీసి, స్టేషన్ కట్టాక మళ్లీ అక్కడే పేర్చారు. 2024 నవంబర్ 30న రైలు నడిచింది. ఆ రాళ్లు అదే చోటికి చేరినా అది అదే రోడ్డా అని అక్కడ అడిగేవాళ్లు లేకపోలేదు.

మనది భూమి లోపలి వ్యవహారం కాదు. ఇక్కడ స్తంభాలు పైకి లేస్తాయి. ప్రార్థనా స్థలాలకు తగలకుండా స్తంభాల చోట్లు మారుస్తామని అధికారులు చెబుతున్నారు, మంచిదే. జాబితాకెక్కని ఇళ్ల సంగతే నాకు గుచ్చుకుంటోంది. చెక్క గుమ్మం, లోపల చిన్న ఆంగన్, వీధి వైపు సున్నపు తీగల నగిషీ. వాటిని కాపాడే చట్టమేదీ లేదు. నా లెక్కలో మెట్రో రావాల్సిందే, కొట్లు ఉండాల్సిందే. కానీ కూల్చే ప్రతి ఇంటికీ ముందు ఒక కొలత, ఒక ఫొటో తీసిపెట్టాలి. కమాను గోడకు కొట్టే ప్రతి మేకుకూ ఒక జరిమానా, మాసిక వేయాలంటే సున్నం పని తెలిసిన ఒక మేస్త్రీ ఉండాలి. దుకాణదారుకు ఆ మేస్త్రీ ఫోన్ నంబరు దొరికేలా చేయడం చట్టం రాసినంత కష్టం కాదు.

ఆ పొద్దున నేను గోడను తడుముతుంటే పక్క కొట్టతను షట్టరు ఎత్తుతూ అనుమానంగా చూశాడు. కొలతలకు వచ్చిన మున్సిపాలిటీ మనిషిననుకున్నాడో ఏమో. నేను కదిలి వెళ్లేదాకా మేకుకు తగిలించాల్సిన బోర్డును చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.