పందెం నైపుణ్యమైతే సైసు ఎవరు?

గుర్రపు పందేలపై వస్తు సేవల పన్ను 28 శాతం నుంచి 40 శాతానికి పెరిగి 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చింది. ఈ పన్ను చర్చకు వచ్చిన ప్రతిసారీ టర్ఫ్ క్లబ్బుల పక్షాన వినిపించే వాదన ఒకటే. పందేలు మూతపడితే వాటిని నమ్ముకున్న కుటుంబాలు వీధిన పడతాయన్నది ఆ వాదన. జూదానికి రాయితీ ఇవ్వలేమన్నది పాలకుల జవాబు. ఒక పక్షం ఆ కుటుంబాలను అడ్డు పెట్టుకుంటుంది, రెండో పక్షం వాటిని లెక్కలోకే తీసుకోదు. ఈ వాదప్రతివాదాలు ఢిల్లీలో సాగుతున్న వేళ ఆ కుటుంబాలను పోషించే మనిషి గుర్రపుసాలలో లద్దె ఎత్తుతూ ఉంటాడు. అతని జీతం గురించి, గాయం గురించి, రేపటి గురించి ఏ పక్షమూ మాట్లాడదు.

అతన్నే సైసు అంటారు. అతని స్థితిని అర్థం చేసుకోవడానికి కోల్‌కతాను మించిన చోటు లేదు. విక్టోరియా మెమోరియల్‌కు చేరువలో, మైదానంలో ఉన్న రేస్‌కోర్సు 1820 నాటిది. రాయల్ కలకత్తా టర్ఫ్ క్లబ్బు 1847లో ఏర్పడింది. వైస్రాయ్ కప్పు 1856లోనే మొదలైంది. 1961లో ఎలిజబెత్ రాణి స్వయంగా వచ్చి ఇక్కడి పందేలను తిలకించారు. బ్రిటిష్ ఇండియాలో పందేల నియమాలను శాసించిన నగరమిది. కప్పుల పేర్లు, గెలిచిన గుర్రాల పేర్లు, వాటి యజమానుల పేర్లు రికార్డుల్లో భద్రంగా ఉన్నాయి. ఆ గుర్రాలను పెంచి పోషించిన చేతుల పేర్లు మాత్రం ఎక్కడా కనిపించవు.

సైసు పని తెల్లవారకముందే మొదలవుతుంది. సాల ఊడ్చాలి, గడ్డి మార్చాలి, దాణా తూచి పెట్టాలి. ఖరారాతో ఒళ్లు రుద్ది, గిట్టలు శుభ్రం చేసి, లాడాలు వదులయ్యాయేమో చూసి, జీను కట్టి గుర్రాన్ని కసరత్తుకు తీసుకెళ్లాలి. తిరిగి వచ్చాక చెమట ఆరేదాకా నడిపించాలి. రాత్రి దాణా మిగిల్చిందా, కాలు వేడిగా ఉందా, కడుపు నొప్పితో పొర్లుతోందా అన్నది మొదట గమనించేది అతడే. ఆ సమాచారం ఆధారంగానే ట్రైనరు నిర్ణయం, పశువైద్యుడి చికిత్స ఉంటాయి. సైసు గమనింపులో ఒక్కరోజు తేడా వస్తే లక్షల విలువైన జంతువు పనికి రాకుండా పోతుంది. గుర్రానికి ఆదివారం తెలియదు కాబట్టి సైసుకూ సెలవు అందని పండే.

నైపుణ్యం ఎవరిదో ఎవరు చెప్పాలి?

గుర్రపు పందేలను చట్టం ఎందుకు అనుమతిస్తున్నదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1974లో కరుణానిధి ప్రభుత్వం తమిళనాడులో గుర్రపు పందేలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరి 1996 జనవరిలో, డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసులో తేలింది. గుర్రపు పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట, కేవలం అదృష్టంపై ఆధారపడ్డ జూదం కాదు అన్నది ఆ తీర్పు సారాంశం. గుర్రపు జాతి, దానికి ఇచ్చిన తర్ఫీదు, జాకీ నేర్పు ఫలితాన్ని నిర్ణయిస్తాయని న్యాయస్థానం భావించింది. ఈ ఒక్క మాట మీదనే దేశంలోని రేస్‌కోర్సులన్నీ ఈనాటికీ నిలబడి ఉన్నాయి.

మరి ఆ తర్ఫీదులో ప్రతి పూటా పాలుపంచుకునేది ఎవరు? ట్రైనరు పథకం వేస్తాడు, జాకీ పందెంనాడు కొన్ని నిమిషాలు స్వారీ చేస్తాడు. ఈ రెండింటికీ మధ్య ఉన్న వందల గంటల పని సైసుది, కసరత్తు సవారీలు చేసే రౌతులది. పరిశ్రమ తన చట్టబద్ధతను నైపుణ్యం అనే మాటతో సంపాదించుకుంది. ఆ నైపుణ్యాన్ని మోసే మనిషి దగ్గరకు వచ్చేసరికి అదే మాట నోరు విప్పదు. ట్రైనరుకు, జాకీకి లైసెన్సు ఉంది. సైసుకు మెడలో వేసుకునే పాసు ఉంటే ఉంటుంది. అది అతన్ని గేటు దాటనిస్తుంది కాని అతనికి పని వచ్చని ఎవరికీ చెప్పదు. ఈ వైరుధ్యాన్ని పరిష్కరించకుండా ఉపాధి పేరిట పన్ను రాయితీ అడిగే నైతిక హక్కు పరిశ్రమకు లేదు.

యజమాని ఎవరన్నదే అసలు చిక్కు

పందేల లోకంలో గుర్రం ఒకరిది, తర్ఫీదు మరొకరిది, మైదానం నిర్వహణ ఇంకొకరిది. సైసుకు సాధారణంగా పని ఇచ్చేది ట్రైనరు. ఆ జీతానికి సొమ్ము గుర్రపు యజమాని కట్టే నెలవారీ రుసుము నుంచి వస్తుంది. సాలలు, ప్రవేశం, నియమాలు, లైసెన్సులు క్లబ్బు చేతిలో ఉంటాయి. యజమాని గుర్రాన్ని మరో ట్రైనరుకు మారిస్తే లేదా రుసుము ఆపేస్తే దెబ్బ తగిలేది మాత్రం సైసుకు. అందరి పనీ చేసేవాడికి జవాబు చెప్పేవాడు ఒక్కడూ లేని ఏర్పాటు ఇది.

ఈ విషయంలో న్యాయస్థానాలు కొంత దారి చూపాయి. తెలుగువారికి దగ్గరైన ఉదాహరణ హైదరాబాద్ రేస్ క్లబ్బుది. మలక్‌పేటలోని ఆ క్లబ్బు ఈఎస్ఐ చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. దానిపై సందేహాలు లేవనెత్తగా విషయం ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనానికి వెళ్లింది. బెంగళూరు టర్ఫ్ క్లబ్బు కేసులో 2014లో ఆ ధర్మాసనం కూడా అదే తేల్చింది. సొమ్ము తీసుకుని వినోద సేవ అందించే క్లబ్బు ఆ చట్టం దృష్టిలో ‘దుకాణం’ కిందికే వస్తుందన్నది తీర్పు. కాని క్లబ్బు తన ఉద్యోగులుగా ఒప్పుకున్నవారికి ఈ తీర్పు ఉపయోగపడినంత సులువుగా ట్రైనరు పనిలో ఉన్న సైసుకు ఉపయోగపడదు. సంస్థ ఆవరణలో, దాని పనికి అనుబంధమైన పనిలో, మధ్యవర్తి ద్వారా నియమితులైన వారినీ 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఉద్యోగులుగానే నిర్వచించింది. ఆ నిర్వచనాన్ని సైసుల దాకా తీసుకెళ్లవచ్చు. అందుకు ఒక్కొక్క సైసు ఒక్కొక్క కేసు వేయాలంటే మాత్రం న్యాయం అందేలోగా ఆయుష్షు తీరిపోతుంది.

ఈ లోటును పూడ్చగలిగే అవకాశం ఇప్పుడు రాజకీయ వ్యవస్థ చేతిలో ఉంది. నాలుగు కార్మిక కోడ్లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. నియామక పత్రం ప్రతి కార్మికుడికీ ఇవ్వాలన్నది వాటిలోని ముఖ్యమైన అంశం. నిర్ణీత వయసు దాటినవారికి ఏటా ఉచిత వైద్య పరీక్ష, సొంత రాష్ట్రం వదిలి వచ్చిన అర్హులైన కార్మికులకు ఏటా ఊరికి పోయి రావడానికి ప్రయాణ భత్యం వంటివీ ఉన్నాయి. అయితే వీటిలో చాలా వాటికి పదిమంది అనే గీత ఉంది. నలుగురైదుగురితో సాల నడిపే చిన్న ట్రైనరు దగ్గర పనిచేసేవాడు ఆ గీతకు అవతలే మిగిలిపోతాడు. సామాజిక భద్రతా కోడ్‌లో దీనికొక మార్గం ఉంది. ఏదైనా వృత్తిని ప్రమాదకరమైనదిగా కేంద్రం ప్రకటిస్తే ఒక్క కార్మికుడున్న చోట కూడా ఈఎస్ఐ వర్తింపజేయవచ్చు.

గుర్రపుసాల పని ప్రమాదకరమైనదా అని సందేహం అక్కర్లేదు. దాదాపు అయిదు వందల కిలోల బరువుండి, చిన్న శబ్దానికి బెదిరే జంతువు కాళ్ల మధ్య వంగి చేసే పని అది. తన్ను, కాటు, కింద పడేయడం నిత్యం పొంచి ఉండేవే. గుర్రాల నుంచి మనుషులకు సోకే గ్లాండర్స్ వ్యాధి కనిపిస్తే ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాలని 2009 నాటి జంతు వ్యాధుల చట్టం చెబుతోంది. గుర్రానికి వ్యాధి వస్తే రాజ్యం కదులుతుంది. అదే సాలలో రాత్రంతా గడిపే మనిషికి ఆరోగ్య బీమా ఉందో లేదో అడిగే నియమం కూడా అంతే గట్టిగా ఉండాలి కదా?

ఇక్కడే కేంద్ర, రాష్ట్ర రాజకీయాలు అడ్డు తగులుతున్నాయి. కోడ్లు అమలులోకి వచ్చేనాటికి పశ్చిమ బెంగాల్ వాటికి ముసాయిదా నియమాలైనా ప్రచురించలేదు. కోడ్లు సమ్మె హక్కును కుదిస్తాయని, తొలగింపులను సులభతరం చేస్తాయని కార్మిక సంఘాలు చెప్పే అభ్యంతరాలు కొట్టివేయదగ్గవి కావు. కాని కోడ్లను వ్యతిరేకించే ప్రభుత్వం తన సొంత అధికారంతో చేయగలిగిన మేలును కూడా ఆపుకోనక్కరలేదు. కార్మికశాఖ తనిఖీ, కనీస వేతన నిర్ణయం రాష్ట్ర పరిధిలోనివే. ఢిల్లీతో తగాదా ఏదైనా, ఇక్కడి సాలలో నియామక పత్రం ఉందా అని అడగడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు.

నేర్చుకున్న పనికి నిచ్చెన కావాలి

జీతం ఒక్కటే సమస్య కాదు. ఇరవై ఏళ్ల వయసులో సాలలో చేరిన సైసు యాభై ఏళ్లకూ సైసుగానే మిగిలిపోయే అవకాశం ఎక్కువ. పని నేర్పేది పక్కనున్న పెద్ద సైసే. అతని మంచి పద్ధతులతో పాటు అతని పొరపాట్లూ కొత్తవాడికి వారసత్వంగా వస్తాయి. రెండువేల ఏళ్ల నాటి అర్థశాస్త్రం సైతం అశ్వాధ్యక్షుని ప్రకరణంలో కళ్లెం పట్టేవాడిని, కట్టేవాడిని, గడ్డి వేసేవాడిని, దాణా వండేవాడిని, సాల కాపలావాడిని, జూలు కత్తిరించేవాడిని, విషవైద్యుడిని వేరువేరుగా పేర్కొంది. పనిలో ఏమరితే ఒకరోజు వేతనం కోయాలనీ చెప్పింది. శిక్షే కావచ్చు, కాని ఆ లెక్కలో ప్రతి పనికీ పేరుంది, దినానికి వేతనముంది.

పందేల పుట్టిల్లయిన బ్రిటన్‌లో ఈ మార్పు దయతో రాలేదు. 1975లో న్యూమార్కెట్‌లో గుర్రపుసాల కార్మికులు సమ్మెకు దిగి ప్రతిష్ఠాత్మక గినీస్ పందేల వేళ మైదానంలోనే నిరసన తెలిపారు. ఆ తర్వాతనే వారికంటూ ఒక సంఘం ఏర్పడింది. 2004లో లార్డ్ డొనహ్యూ నేతృత్వంలోని విచారణ సంఘం సాలల సిబ్బంది జీతాలు, పని స్థితిగతులపై నివేదిక ఇచ్చింది. ఈనాడు అక్కడ ట్రైనర్ల సమాఖ్యకు, సిబ్బంది సంఘానికి మధ్య వేతన ఒప్పందం ఉంది. గెలుపు సొమ్ములో కొంత సిబ్బందికి పంచే పద్ధతి ఉంది. న్యూమార్కెట్‌లోనూ డాంకాస్టర్ సమీపంలోనూ శిక్షణ పాఠశాలలున్నాయి. ఐర్లాండ్‌లోని కిల్డేర్‌లో 1973 నుంచే ఇటువంటి సంస్థ పనిచేస్తోంది. హాంకాంగ్‌లో సాలల సిబ్బందిని జాకీ క్లబ్బే నియమించుకుంటుంది కనుక యజమాని ఎవరన్న ప్రశ్నే తలెత్తదు. ఇంత చేసినా బ్రిటన్‌లో సిబ్బంది కొరత తీరలేదన్నది వాస్తవం. తెల్లవారుజాము చాకిరీకి యువతను నిలుపుకోవడం అంత కష్టం. ఏమీ చేయని చోట ఆ కష్టం ఇంకెంత ఉంటుందో ఊహించవచ్చు.

భూమికి లెక్క ఉంది, మనిషికి లేదు

రేస్‌కోర్సుల భవిష్యత్తే అనుమానంలో పడిన కాలమిది. 2024లో ముంబై మహాలక్ష్మి రేస్‌కోర్సుకు చెందిన 211 ఎకరాల్లో 120 ఎకరాలను పార్కుకు కేటాయించారు. అదే ఏడాది సెప్టెంబరులో చెన్నై గిండీ రేస్‌కోర్సు లీజును తమిళనాడు ప్రభుత్వం రద్దు చేసింది. కోల్‌కతా మైదానం భూమి సైన్యం అధీనంలోనిది. ఎకరాల మీద, బకాయిల మీద వాదించే న్యాయవాదులకు కొరత లేదు. రేస్‌కోర్సు తరలినా మూతపడినా సైసుకు ఏ పునరావాసం దక్కుతుందో చెప్పే పత్రం ఎవరి దగ్గర ఉంది? పేరు, సర్వీసు, జీతం రాతలో లేనివాడు పరిహారం జాబితాలోకి ఎలా ఎక్కుతాడు?

పందేలు జంతు హింస అని, జూదం సంసారాలను కూల్చుతుందని వాదించేవారి మాటలోనూ బలముంది. పందేలు ఉండాలా వద్దా అన్నది సమాజం తేల్చుకోవలసిన ప్రశ్న. ఉంచాలనుకున్నా, ఎత్తివేయాలనుకున్నా సైసుకు లిఖితపూర్వకమైన ఉద్యోగం ముందుగా కావలసిందే. ఉంచితే అది హక్కు, ఎత్తివేస్తే అది పరిహారానికి ఆధారం.

నలభై శాతం పన్ను కింద నలుగుతున్న పరిశ్రమ మీద ఇంకో భారమా అని క్లబ్బులు అడగవచ్చు. పన్ను రేటు అన్యాయమో కాదో వేరే చర్చ. పందెం కాసే సొమ్ము నుంచి 40 శాతం తీసుకునే ప్రభుత్వాలకు ఆ సొమ్ములో రవ్వంతను కార్మికుల బీమాకు, శిక్షణకు తిరిగి పంపమని అడిగితే అది రాయితీ కాదు. ఆ మాట క్లబ్బులు అడిగిననాడు వాటి ఉపాధి వాదనకు నిజంగా బరువు వస్తుంది.

చేయవలసినవి పెద్ద విప్లవాలేమీ కావు. సైసులకు నియామక పత్రం, బ్యాంకు ద్వారా జీతం, ఈఎస్ఐ, భవిష్యనిధి చూపని ట్రైనరుకు లైసెన్సు పునరుద్ధరించబోమని టర్ఫ్ క్లబ్బులు నిబంధన పెట్టాలి. ఆ అధికారం వాటికి ఇప్పటికే ఉంది. గుర్రపుసాల పనిని ప్రమాదకర వృత్తిగా కేంద్ర కార్మికశాఖ ప్రకటించాలి. అనుభవంతో నేర్చిన పనిని పరీక్షించి ధ్రువపత్రమిచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఉన్నదే, దాన్ని సైసులకు వర్తింపజేయాలి. కోల్‌కతాలో శిక్షణకు వేరే భవనం కట్టనక్కరలేదు, బెల్గాఛియాలోని పశువైద్య విశ్వవిద్యాలయం నగరంలోనే ఉంది. సైసు, పెద్ద సైసు, కసరత్తు రౌతు, సాల పర్యవేక్షకుడు, సహాయ ట్రైనరు అనే మెట్లు రాతపూర్వకంగా ఉండాలి, ప్రతి మెట్టుకూ జీతం పెరగాలి. గెలుపు సొమ్ములో సైసుకు అందేది బక్షీసుగా కాక వాటాగా అందాలి.

1996 తీర్పు పందేలను కాపాడింది. నైపుణ్యం అనే మాటకు న్యాయస్థానం ఇచ్చిన విలువను సాల దాకా తీసుకెళ్లే బాధ్యత మాత్రం ఆ తీర్పుతో లాభపడినవారిది, ఆ లాభం మీద పన్ను వసూలు చేసేవారిది. జీఎస్టీ మండలి తదుపరి సమావేశానికి వినతిపత్రం తీసుకెళ్లేముందు క్లబ్బులు దానికి ఒక అనుబంధం జతచేయాలి. తాము చెప్పుకునే ఆ కార్మికుల పేర్లు, వారి జీతాలు, వారి బీమా సంఖ్యలు అందులో ఉండాలి. ఆ జాబితా లేని వినతిని వెనక్కు పంపే ధైర్యం ప్రభుత్వాలకూ ఉండాలి.