వోటొక చోట, కాపురమొక చోట

జీడిమెట్లలో కాపురం పెట్టి యేళ్ళు గడిచినా, వోటు మాత్రం గోదావరి జిల్లాలో మా ఊళ్ళోనే ఉంచుకున్నాను. పిత్రార్జితంలా అదో ధైర్యం! 2019 ఏప్రిల్ 11న ఆంధ్రలోనూ, తెలంగాణాలోనూ ఒకేరోజు పోలింగు. ముందురాత్రే మా వీధిలో సగంమంది బస్సులెక్కారు. నేనూ ఎక్కాను.

మా మల్కాజిగిరి పార్లమెంటు నియోజకవర్గం వోటర్ల లెక్కలో దేశంలోకెల్లా పెద్దది. అప్పటికే ముప్ఫై లక్షలు దాటారు; వేసింది సుమారు సగంమంది. తర్వాత ముఖ్యమంత్రి అయిన రేవంత్ రెడ్డిగారు ఆనాడు ఇక్కడ గెలిచింది 10,919 వోట్ల తేడాతో.

"మన పేటనుంచి ఊళ్ళకు పోయినవాళ్ళే అంతమంది ఉంటారు కాబోలు!" అంది మా ఆవిడ.

ఓ రాత్రి ఫ్యాక్టరీల వాసన భరించలేక పార్లమెంటు సభ్యుడికి అర్జీ రాయ కూర్చున్నాను. చివర "మీ వోటరు" అని రాయబోతే కలం ఆగింది. ఏ ముఖంతో రాయను?

వోటు ఇక్కడికి మార్పించుకున్నాను. 2024 మే 13న మళ్ళీ రెండుచోట్లా ఒకేరోజు! ఈసారి బస్సెక్కలేదు, ఎండలో వరసలో నిలబడ్డాను. భాజపా అభ్యర్థి ఈటల రాజేందర్‌గారు 3,91,475 వోట్ల మెజారిటీతో గెలిచారు. 2009లో మొదలైన ఈ స్థానం ఇంతవరకూ నాలుగు ఎన్నికల్లో నలుగురిని పంపింది. ఎవరినీ రెండోసారి పంపలేదు.

"మీరొక్కరూ వెయ్యకపోతే మునిగేదేముంది?" అని నవ్వింది మా ఆవిడ.

నేను మాట్లాడలేదు. పాత అర్జీ తీసి, పేరు మార్చి, కింద "మీ వోటరు" అని రాశాను. కిటికీ మూసుకునే రాశాను లెండి.