లెన్స్ సత్తా తేలేది పొగమంచులోనే

చలికాలం మొదలైందంటే చాలు, ఫొటోగ్రాఫర్లు తెల్లారకముందే లంబసింగి దారి పడతారు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికీ, దగ్గర్లోని చెరువులవేనం కొండకూ, పాడేరు పక్కన వంజంగికీ ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లూ వస్తారు, ప్రీ వెడ్డింగ్ షూట్ల వాళ్లూ వస్తారు. ఏ నలుగురు కలిసినా తెగని వాదన ఒకటుంటుంది: కానన్ మేలా, నికాన్ మేలా, సోనీ మేలా? డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మేసి మిర్రర్‌లెస్‌కు మారాలా? ఈ పోలికల్లో లెన్స్ నాణ్యతను షార్ప్‌నెస్‌తోనే కొలవడం అలవాటైపోయింది. టెస్ట్ చార్టు మీద ఎంత సన్నని గీతల్ని విడదీసి చూపిస్తే అంత గొప్ప లెన్స్ అన్నట్టు. మన్యంలో పనిచేసే ఫొటోగ్రాఫర్‌ను ఈ కొలత దారి తప్పిస్తుందనీ, లక్షలు పోసే ముందు చూడాల్సిన గుణం వేరే ఉందనీ నా వాదన.

కారణం గాలిలోనే ఉంది. ఎదురుగా 1 కిలోమీటరు దూరం కూడా కనిపించని స్థితినే వాతావరణ శాస్త్రం పొగమంచు అంటుంది. అంత దూరం వద్ద దృశ్యంలో కాంట్రాస్ట్ 5 శాతానికి పడిపోతుంది. అందులో సగం దూరంలో, అంటే 500 మీటర్ల వద్ద ఉన్న చెట్టుకు మిగిలేది 20 శాతం పైచిలుకే. మంచు దట్టమైతే అదీ ఉండదు. పొగమంచులోని నీటి తుంపరలు కాంతి తరంగాల కన్నా చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగుల్నీ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అందుకే లోయంతా తెల్లగా కనిపిస్తుంది. గాలిలోనే చెదిరిపోయిన వివరాన్ని ఎంత ఖరీదైన లెన్సయినా వెనక్కి తేలేదు. చార్టు మీద కనిపించిన తేడా ఇక్కడి మధ్య దూరాల్లోనే కరిగిపోతుంది.

అలాగని లెన్సులన్నీ ఒకటే అనడం పొరపాటు. ఇక్కడ లెన్స్‌కు అసలు పరీక్ష ఎదురు వెలుతురు. చెరువులవేనంలో మేఘాల మీదుగా సూర్యుడు పైకి రాగానే కిరణాలు నేరుగా ముందు గాజు మీద పడతాయి. పూత లేని ప్రతి గాజు తలమూ సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. నికాన్ జడ్ (తొలి వెర్షన్), కానన్ ఆర్‌ఎఫ్ 24-70 ఎఫ్/2.8 లెన్సుల్లో గాజులు 15 గ్రూపులుగా ఉంటాయి, అంటే గాలికి తగిలే తలాలు 30. పూతలే లేకపోతే వాటిని దాటి సూటిగా వచ్చే వెలుతురు మూడో వంతు కూడా ఉండదు. మిగిలినదాంట్లో కొంత లోపలే అటూ ఇటూ కొట్టుకుని, నీడల మీద తెల్లటి పొరలా, ఫ్రేమ్ మూలన ఆకుపచ్చ మచ్చల్లా తేలుతుంది. జైస్ సంస్థలో అలెగ్జాండర్ స్మకులా 1935లో పేటెంట్ తీసుకున్న పూత ఈ సమస్యకే మందు. నేటి నానో పూతలు అదే దారిలో వచ్చినవి. వీటిలో లెన్సుకూ లెన్సుకూ తేడా లంబసింగి ఉదయాన కంటికి కనిపిస్తుంది. మంచి లెన్స్ ముందు చవక ఫిల్టర్ బిగించినా, గాజు మీద చేరిన తేమను చొక్కా అంచుతో తుడిచి మరక మిగిల్చినా ఆ పూతకు పెట్టిన డబ్బు వృథాయే.

సెన్సర్ పెద్దదైతే చీకట్లో లాభం లేదా అని అడగవచ్చు. ఉంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు, క్రాప్ సెన్సర్ సుమారు 23.5×15.6. వైశాల్యం రెట్టింపుకు పైనే, అంటే ఒక స్టాప్‌కు కాస్త ఎక్కువ లాభం. కానీ ఎఫ్/4 జూమ్ కన్నా ఎఫ్/1.8 ప్రైమ్ లెన్స్ దాదాపు 5 రెట్ల వెలుతురు లోపలికి తెస్తుంది. తెల్లవారుజామున మనిషి ముఖం తీయాలంటే బాడీ మార్పు కన్నా లెన్స్ మార్పే ఎక్కువ పనిచేస్తుంది. మిర్రర్‌లెస్ మౌంట్ల మేలునూ కాదనలేం. 1959 నాటి నికాన్ ఎఫ్ మౌంట్ లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లైతే, 2018లో వచ్చిన జడ్ మౌంట్‌ది 55. ఆ వెసులుబాటుతో మేలైన వైడ్ లెన్సులు వచ్చాయి. అయితే కానన్, సోనీలకు కూడా మిర్రర్‌లెస్ మౌంట్లు ఉన్నాయి కాబట్టి, ఒక కంపెనీ వదిలి మరో కంపెనీకి మారడానికి అది కారణం కాదు.

ఎడిటింగ్‌లో డీహేజ్ ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. అది కాంట్రాస్ట్‌ను పెంచుతుంది, దాంతోపాటు నాయిస్‌నూ పెంచుతుంది. ముఖం మీద పడిన ఫ్లేర్ మచ్చ కింది వివరాన్ని మాత్రం తెచ్చివ్వలేదు. పెద్ద ప్రింట్లకు షార్ప్‌నెస్ కావాలన్న మాట మరింత బలమైనది. దగ్గరి పూలు, కాఫీ పండ్లు, నగల వివరాలు తీసేవారికి అది నిజమే. అలాంటి పనే ప్రధానమైనవారు చార్టును నమ్మవచ్చు. లోయ, మంచు, ఉదయం అమ్ముకుని బతికేవారికి అది రెండో కొలతే.

ఈఎంఐల మీద సామాను కొనే నర్సీపట్నం, పాడేరు కుర్రాళ్లకు ఈ వరుస చాలా ముఖ్యం. ఎదురు వెలుతురును తట్టుకునే లెన్స్, హుడ్, తేమ చొరబడని సీలింగ్, గట్టి ట్రైపాడ్ ముందు. కొత్త బాడీ ఆ తర్వాత. దుకాణాలు అద్దెకో పరీక్షకో లెన్స్ ఇచ్చే పద్ధతి పెంచాలి. ఫొటోగ్రాఫర్ల సంఘాలు డిసెంబరులో ఒక ఉదయం అన్ని కంపెనీల లెన్సుల్నీ ఒకే ట్రైపాడ్ మీద, ఒకే సూర్యుడికి ఎదురుగా పెట్టి ఫలితాలు అందరికీ చూపించాలి. ఎక్కడో స్టూడియోలో తేల్చిన ర్యాంకుల కన్నా మన కొండల్లో మన వెలుతురులో చేసిన ఆ పరీక్షే కొనేవాడి డబ్బును కాపాడుతుంది.