గడప దాకా ఎవరొస్తున్నారు?

స్త్రీల కేన్సర్ గురించి ఏ సభలో మాట్లాడినా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఆడవాళ్ళు ముందుకు రావడం లేదు." డాక్టర్లు అంటారు, అధికారులు అంటారు, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళూ అంటారు. అజ్ఞానం, సిగ్గు, మూఢనమ్మకం అంటూ కారణాలు కూడా సిద్ధంగా ఉంటాయి. వీటన్నిటికీ మందు "అవగాహన". అక్టోబర్ రాగానే గులాబీ రిబ్బన్లు కడతారు, ఒక నడక, ఒక శిబిరం, నాలుగు ఫొటోలు. ఆలస్యంగా వచ్చిందన్న నేరం మాత్రం జబ్బు మనిషి నెత్తి మీదే ఉంటుంది.

ఈ వాదనని నేను ఒప్పుకోను. మన ప్రాంతంలో చేరుకోవడానికి వీల్లేనంత దూరంలో ఏ స్త్రీ లేదు. ఆమె దగ్గరికి అందరూ వచ్చారు. ఎందుకోసం వచ్చారన్నదే అడగాల్సిన ప్రశ్న.

బౌరంపేటనే తీసుకుందాం. మేడ్చల్ జిల్లాలో బాచుపల్లి దాటాక వచ్చే ఊరు. చాలాకాలం గ్రామ పంచాయతీగా ఉండి 2018లో దుండిగల్ మున్సిపాలిటీలో కలిసింది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు విల్లాలయ్యాయి. ఆ విల్లాలు కట్టే కూలి స్త్రీలు, కట్టాక వాటిల్లో అంట్లు తోమి బట్టలుతికే స్త్రీలు, చుట్టుపక్కల మందుల కంపెనీల్లో కాంట్రాక్టు మీద పనిచేసే స్త్రీలు, పొలం పోయినా చాకిరీ పోని పాత ఊరి స్త్రీలు - వీళ్ళ దగ్గరికి ఎవరు రారు గనక? వారం వారం కిస్తీ వసూలు చేసుకోవడానికి అప్పుల కంపెనీ మనిషి వస్తాడు. చీటీల వాళ్ళు వస్తారు. ఓట్ల కోసం వస్తారు. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు పూర్తి చెయ్యడానికి ఆరోగ్య శాఖ ఇల్లిల్లూ తిరిగిన రోజులు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. రొమ్ములో గడ్డ తగిలిన స్త్రీ దగ్గరికి "పద, చూపిద్దాం, నేను తోడొస్తా" అని వచ్చే మనిషే లేదు.

గతం కూడా ఇదే చెబుతుంది. బౌరంపేటకి అంత దూరమేమీ కాని పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో 1985లో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని స్త్రీల మీద పరీక్షించడానికి పూనుకున్నారు. అది ప్రయోగమని ఆ స్త్రీలకి చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అక్కడికి వెళ్ళి నిలదీసింది. 1986లో ఆ సంస్థ, ఢిల్లీలోని సహేలీ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్ళారు.

2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలంతో సహా మూడు మండలాల్లో, 10-14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేశారు. పాత్ అనే అమెరికన్ సంస్థ ఐ.సి.ఎం.ఆర్.తో కలిసి నడిపిన ప్రాజెక్టు అది. హాస్టళ్ళలో ఉండే పిల్లల అంగీకార పత్రాల మీద తల్లిదండ్రులకి బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగింది. ఆ మరణాలకి టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ తేల్చింది. అంగీకారం తీసుకున్న పద్ధతిని మాత్రం పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. టీకా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలే ఉన్నాయి, నా తగువు టీకాతో కాదు. అడవి దాటి వెళ్ళి పిల్ల చేతికి సూది చేర్చగలిగిన యంత్రాంగం, ఆ పిల్ల తల్లికి ఒక పరీక్ష ఎందుకు చేర్చలేకపోయింది?

ఇక గర్భసంచి సంగతి. తెల్లబట్ట అవుతోందనో నడుం నొప్పనో వెళ్ళిన స్త్రీని "తీయించుకోకపోతే కేన్సర్ అవుతుంది" అని బెదిరించి ఆపరేషన్ చెయ్యడం మన జిల్లాల్లో ఒక వ్యాపారం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7, తెలంగాణలో 8.2. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ ఈ రెండు రాష్ట్రాల్లోనే. అదే సర్వేలో, 30-49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్ష జన్మలో ఒక్కసారైనా చేయించుకున్నవాళ్ళు దేశంలో 1.9 శాతం, రొమ్ము పరీక్ష చేయించుకున్నవాళ్ళు 0.9 శాతం. 30 ఏళ్ళు దాటిన ప్రతి స్త్రీకీ ఈ పరీక్షలు చెయ్యాలని కేంద్ర ప్రభుత్వం 2016లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే కేన్సర్ భయాన్ని మారుమూల తండా దాకా చేర్చగలిగారు, కేన్సర్ పరీక్షని చేర్చలేకపోయారు. భయం అమ్ముడుపోతుంది. పరీక్షకి ప్రభుత్వం జీతాలివ్వాలి, మనుషుల్ని పెట్టాలి. తేడా అక్కడుంది.

ఇది ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బు కూడా కాదు. 2020 జాతీయ కేన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, వయసు తేడాలు సరిచేసి లెక్కిస్తే, రొమ్ము కేన్సర్ రేటు అన్నిటికన్నా ఎక్కువ నమోదైంది హైదరాబాద్‌లోనే. లక్ష మంది స్త్రీలకి 48.

బౌరంపేట స్త్రీలతో మాట్లాడినప్పుడు నాకు సిగ్గు కన్నా లెక్క ఎక్కువ వినిపించింది. "గడ్డ నొస్తలేదు గద అక్కా, నొచ్చేది ఉంటె పోతుంటి" అంది ఒకామె. దీన్ని అజ్ఞానం అని రాసుకుని వచ్చెయ్యడం తేలిక. ఒక రోజు పని మానితే ఒక రోజు కూలి పోయే మనిషి, నొప్పి లేని దాని కోసం ఎందుకు మానుతుంది? నొప్పి పుట్టిన రోజున కూడా మాత్ర వేసుకుని పనికి పోవడమే ఆమెకి అలవాటు చేశాం. రొమ్ము కేన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పుట్టించదు. ఈ ఒక్క ముక్క ఆమెకి చెప్పి, చూపించుకునే రోజు కూలి ఎవరిస్తారో కూడా చెప్పగలిగితే అది అవగాహన. మొదటిది చెప్పి రెండోది దాటేస్తే అది నీతిబోధ.

జబ్బు తేలిన తర్వాత సంగతి చూద్దాం. రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రి ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కి, కీమోథెరపీకి, రేడియేషన్‌కి డబ్బు కడుతుంది. 2023 డిసెంబర్‌లో దాని పరిమితిని తెలంగాణలో 10 లక్షలకి పెంచారు. అదే నెలలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి టికెట్ తీసేశారు. ఇవి చిన్న విషయాలని నేననను. కానీ రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజుల చొప్పున కొన్ని వారాలు వెళ్ళాలి. బౌరంపేట నుంచి రెడ్‌హిల్స్‌కి బస్సులు మారి వెళ్ళి రావడంతోనే రోజు గడిచిపోతుంది. ఆ రోజు కూలి ఏ ప్యాకేజీలోనూ లేదు. తోడు వెళ్ళే కూతురు బడి మానితే ఆ నష్టం ఏ లెక్కలోనూ లేదు. పొద్దున నీళ్ళు పట్టేది, వంట చేసేది, అత్తకి మందులిచ్చేది ఎవరన్న ప్రశ్న ఏ ఫారంలోనూ లేదు.

ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు తీసేశాక కొందరికి చెయ్యి వాస్తుంది. బట్టలు పిండడం, ఇటుకలు మొయ్యడం కుదరదు. అంటే ఆమెకి తెలిసిన పనులన్నీ పోయినట్టే. ముఖద్వార కేన్సర్‌కి చికిత్స పొందిన స్త్రీకి సంభోగం బాధాకరం కావచ్చు. ఆ మాట డాక్టరు చెప్పడు, భర్త వినడు. ఈ జబ్బు అంటుకోదు. అయినా కంచం వేరు చేస్తారు, పెళ్ళిళ్ళకి పిలవరు. భర్తకి జబ్బు చేస్తే భార్య సేవ చేస్తుంది, భార్యకి జబ్బు చేస్తే పుట్టింటికి పంపిస్తారు. దీన్ని మానసిక సమస్య అని పేరు పెట్టి కౌన్సెలింగ్‌తో సరిపెడితే కుదరదు. ఇది ఇంట్లో చాకిరీ పంపకానికీ, ఆస్తి మీద హక్కుకీ సంబంధించిన విషయం.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఇ.ఎస్.ఐ.లో కేన్సర్ వచ్చిన కార్మికురాలికి 80 శాతం వేతనంతో రెండేళ్ళ దాకా పొడిగించిన అనారోగ్య భృతి ఉంది. కానీ అందుకు రెండేళ్ళు తెగకుండా ఉద్యోగంలో ఉండాలి. కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు తెగిపోయే ప్యాకింగ్ కార్మికురాలికి ఈ హక్కు కాగితం మీదే ఆగిపోతుంది. 1996 చట్టంతో ఏర్పడిన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్ళకి కట్టడం ఖర్చులో ఒక శాతం సెస్సు చేరుతుంది. ఆ విల్లాలు మోసి నిలబెట్టిన స్త్రీలలో ఎంతమంది పేర్లు అక్కడ నమోదయ్యాయో అడిగి చూడండి. విల్లాల్లో పనిచేసేవాళ్ళకి ఆపాటి కాగితం కూడా లేదు.

ఇప్పుడు అందరి నోటా వినిపించే కొత్త మాట "కమ్యూనిటీ సపోర్టు". వినడానికి బాగుంటుంది. సమాజం అంటే ఎవరు? విప్పి చూస్తే మళ్ళీ ఆడవాళ్ళే. ఆశా వర్కరు, పొదుపు సంఘం అధ్యక్షురాలు, పక్కింటి అక్క, పెద్ద కూతురు. 2005లో మొదలైన ఆశా వ్యవస్థలో ఈనాటికీ వాళ్ళని కార్మికులుగా గుర్తించలేదు. స్వచ్ఛంద సేవకులంటూ పారితోషికాలతో నెట్టుకొస్తున్నారు. ఆసుపత్రి దించుకున్న బరువుని జీతం లేని ఆడవాళ్ళ భుజాల మీద పెట్టి దానికి సంఘీభావం అని పేరు పెడితే మనం చప్పట్లు కొట్టాలా?

ఇంకో పద్ధతి సాధ్యమేనని మన ముందు రుజువులున్నాయి. ముంబై బస్తీల్లో 1998లో టాటా ఆసుపత్రి మొదలుపెట్టిన అధ్యయనంలో, పదో తరగతి చదివిన స్త్రీలకి శిక్షణ ఇస్తే వాళ్ళు చేసిన తేలికపాటి పరీక్షతో ముఖద్వార కేన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. పోల్చి చూడడానికి వేల మంది స్త్రీలని పరీక్ష లేకుండా వదిలేసిన ఆ అధ్యయనాన్ని విమర్శించాల్సిందే. కానీ దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదని, ఊరి స్త్రీలు చెయ్యగలరని మాత్రం తేలిపోయింది. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన నొప్పి ఉపశమన సేవ పొరుగువాళ్ళ బృందాలుగా పెరిగింది. 2008లో ఆ రాష్ట్రం దాన్ని విధానంగా తీసుకుని పంచాయతీలకి బాధ్యత అప్పజెప్పింది. అక్కడ నర్సు ఇంటికి వస్తుంది, ఆమెకి జీతం ఉంటుంది. పొరుగువాళ్ళ ప్రేమ ఆ జీతానికి తోడయింది గాని బదులు కాలేదు.

కేన్సర్ స్త్రీల ఉద్యమాలకి పరాయి విషయం కూడా కాదు. తోబుట్టువుని కేన్సర్‌కి పోగొట్టుకున్న ముత్తులక్ష్మి రెడ్డి పట్టుదలతో, ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ విరాళాలు పోగుచేస్తే, 1954లో మద్రాసు అడయార్‌లో కేన్సర్ ఆసుపత్రి మొదలైంది. ఆ సంఘం పేరు ఇప్పటికీ ఆసుపత్రి పేరులో ఉంది. రిబ్బన్లు ఇంకా పుట్టని రోజుల్లో స్త్రీల సంఘం ఒకటి చేసిన పని అది.

కాబట్టి మనం అడగవలసింది సానుభూతి కాదు. బౌరంపేట లాంటి ప్రతిచోటా ఏడాది పొడుగునా, పని వేళలు అయ్యాక కూడా తెరిచి ఉండే పరీక్షా కేంద్రం కావాలి. అక్కడ స్త్రీలే పరీక్ష చెయ్యాలి, ఫలితం ఆమె చేతికే ఇవ్వాలి. జబ్బు తేలిన ప్రతి స్త్రీకీ మొదటి రోజు నుంచి చివరి దాకా తోడుండే జీతం గల కార్యకర్త కావాలి. చికిత్స రోజులకి కూలి భృతి ఆరోగ్యశ్రీలో భాగం కావాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళని ఇ.ఎస్.ఐ.లోకి తేవాలి, కాంట్రాక్టరు మారినా సర్వీసు తెగకూడదు. నొప్పి తగ్గించే మార్ఫిన్ ప్రతి జిల్లాలో దొరకాలి. 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సడలించినది అందుకే. గర్భసంచి తియ్యాలని ఏ డాక్టరు చెప్పినా రెండో డాక్టరు అభిప్రాయం ఉచితంగా దొరకాలి.

మన సంఘాలు చెయ్యగలిగిన పనీ ఉంది. వచ్చే అక్టోబర్‌లో శిబిరానికి జనాన్ని పోగు చెయ్యమని మనల్ని అడిగితే ముందు మూడు ప్రశ్నలు వేద్దాం. అనుమానం తేలినవాళ్ళని ఎవరు తీసుకెళ్తారు? ఆ రోజు కూలి ఎవరిస్తారు? ఆర్నెల్ల తర్వాత వాళ్ళింటికి ఎవరొస్తారు? వీటికి రాతపూర్వకంగా జవాబు ఇచ్చేవరకూ ఆ శిబిరానికి ఒక్క మనిషిని కూడా పంపించవద్దు.