కంటోన్మెంట్ పిల్లలు ఎక్కడున్నారు?

పోయిన క్రిస్మస్ నాటికలో గొర్రెల కాపరులుగా వేసినవాళ్ళలో ఇద్దరికి మీసాలున్నాయి. పిల్లలు దొరకక డిగ్రీ చదివే తమ్ముళ్ళకే తలగుడ్డలు చుట్టి నిలబెట్టాం. అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మాత్రం, "మన కంటోన్మెంట్‌లో ఇంక పిల్లోళ్ళు లేరప్పా" అన్నారు. ఆ మాట నిజమేనా?

సంఘం రిజిస్టరు తెరిస్తే నిజమే. ఒకప్పుడు ఒక్కో ఇంట్లో అయిదారుగురు ఉండేవాళ్ళు. ఇప్పుడు ఒకరు, మహా అయితే ఇద్దరు. ఇది మన ఒక్కరి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7 మందే. పుట్టిన ఆ ఒకరిద్దరూ చదువు ముగియగానే బెంగళూరో, హైదరాబాదో వెళ్ళిపోతారు. పెద్ద ఇంట్లో ఒక అవ్వ, ఒక టీవీ మిగులుతాయి.

మెడికల్ కాలేజీ మన కంటోన్మెంట్‌లోనే ఉంది కాబట్టి ఆ పెద్ద ఇళ్ళకు గిరాకీ బాగానే ఉంది. గదికి ముగ్గురు విద్యార్థులను పెడితే ఒక కుటుంబం ఇచ్చే బాడుగకన్నా ఎక్కువే వస్తుంది. అలా ఒక్కొక్క ఇల్లూ పీజీ అవుతోంది. ఆ అవ్వను మేము తప్పుపట్టడం లేదు. ఆమె మందుల ఖర్చు ఆ బాడుగలోంచే రావాలి.

అయితే పిల్లలు లేరన్న మాట మాత్రం మాకు మింగుడు పడలేదు. రెండు ఆదివారాలు సాయంత్రం మన వీధుల్లోనే తిరిగాం. లేస్తున్న కట్టడాల పక్క షెడ్లలో, ఇళ్ళ వెనక రేకుల గదుల్లో, కాపలా కాసేవాళ్ళ గుడిసెల్లో పిల్లలే పిల్లలు. లెక్కపెట్టడానికి చేతివేళ్ళు చాలలేదు. ఆదోని, ఆలూరు వైపు నుంచి బేల్దారి పనికి వచ్చినవాళ్ళు, జీన్స్ కుట్టే యూనిట్లలో పనిచేసేవాళ్ళు, ఇంకా దూరం నుంచి హిందీ మాట్లాడుతూ వచ్చినవాళ్ళు. పిల్లలున్న కుటుంబాలు కంటోన్మెంట్‌లో ఉన్నాయి. మన రిజిస్టరులో లేవు, అంతే.

వాళ్ళలో ఒక తల్లి ఇల్లు అడగడానికి వెళ్ళినప్పుడు మేము అక్కడే ఉన్నాం. "అక్కా, పాపకు మూడేళ్ళు. గలాటా చేయదు" అంది. "పిల్లోళ్ళుంటే గోడలు గీకుతారమ్మా, వద్దు" అన్నారు ఇంటావిడ. ఆవిడ మన సంఘం మనిషే, చాలా మంచి మనిషి కూడా. తర్వాత మమ్మల్ని పక్కకు పిలిచి, "వాళ్ళు ఏమిటోళ్ళు?" అని కులం అడిగారు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. మన తాతల్లో చాలామంది మూటాముల్లె సర్దుకుని బయలుదేరింది అలాంటి మాలపల్లెలు, మాదిగపల్లెల నుంచే కదా!

ఈ కంటోన్మెంట్ ఎప్పుడూ వచ్చినవాళ్ళ ఊరే. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాక ఇక్కడ దండు దిగింది. దండు చుట్టూ పనివాళ్ళూ, వర్తకులూ చేరారు. 1810లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జాన్ హ్యాండ్స్ వచ్చారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరుకు పోయింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు ఉండిపోయాయి. మన చుట్టాలు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నారు. ఆదోని నుంచి వచ్చిన బిడ్డను పరాయి బిడ్డ అనడానికి మనకు నోరెలా వస్తుంది?

అసలు దెబ్బ బడి దగ్గర తగులుతోంది. ఊళ్ళో రెండో తరగతి తెలుగులో చదివిన పిల్లవాడు ఇక్కడ కన్నడ బడికి పోయి బిక్కమొహం వేస్తాడు. చాలామంది అసలు పోరు. చంటిబిడ్డను చూసుకోవడానికి అక్కను షెడ్డులోనే ఉంచేస్తారు. భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళ పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేలా రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం 1956 నుంచీ చెబుతోంది. 2009 విద్యాహక్కు చట్టం ఇంకా సూటిగా చెబుతుంది: వయసు పత్రం లేదని 6–14 ఏళ్ళ బిడ్డను చేర్చుకోకుండా ఉండకూడదు, టీసీ ఆలస్యమైందని ఆపకూడదు, వయసుకు తగిన తరగతిలోనే కూర్చోబెట్టి వెనకబడినదాన్ని ప్రత్యేకంగా నేర్పాలి. ఈ సంగతి తెలియని తల్లి బడి గేటు దగ్గరనుంచే వెనక్కి వస్తోంది. కన్నడం మాట్లాడగలిగిన మన యువతీయువకులు ఒక పూట ఆమెతో కలిసి హెడ్మాస్టరు గదిదాకా వెళ్తే చాలు. ఇందులో పెద్ద త్యాగమేమీ లేదు.

ఇళ్ళున్నవాళ్ళను ఒక మాట అడుగుతున్నాం. ఈసారి గది ఖాళీ అయినప్పుడు పిల్లలున్నవాళ్ళకు ఇవ్వండి. గోడలు గీస్తే సున్నం వేయడానికి మేమే వస్తాం.

సండే స్కూల్ సంగతి కూడా మాట్లాడుకున్నాం. పొద్దున పదింటికి పెడితే ఈ పిల్లలు రాలేరు. చాలా కట్టడాల దగ్గర ఆదివారమూ పనే. అందుకని సాయంత్రం అయిదింటికి, తెలుగు పలకలూ కన్నడ అక్షరాలూ రెండూ పెట్టుకుని, మందిరం పక్క హాల్లో మొదలుపెడదామని అనుకున్నాం. "చెప్పులు లేని కాళ్ళతో వచ్చి హాలు పాడుచేస్తారు" అని కమిటీలో ఒకరన్నారు. తాళంచెవి ఇంకా ఆయన దగ్గరే ఉంది.