పులి అనే కుక్క

బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న నా పూర్వవిద్యార్థి యొకడు గతమాసం ఒక ఛాయాచిత్రం పంపి, "సార్, ఈ కుక్కజాతి పేరు పులి. మా నాయనకు తోడుగా ఉంటుంది, ఒకదాన్ని కమలాపురానికి తెస్తాను, ఏమంటారు?" అని అడిగాడు. పులివెందుల పొరుగున బ్రతికేవాళ్ళకు పులి పేరు కొత్త కాదు గాని, ఇది హంగేరీ దేశపు గొర్రెలకాపరుల కుక్క. ఒళ్ళంతా జడలే. తల యేదో తోక యేదో పోల్చుకోవడం కష్టం.

ఆ జడలు అలంకారం కోసం పుట్టినవి కావు. పైబొచ్చు, లోబొచ్చు పెనవేసుకొని చలినీ వాననూ ఆపే కంబళి అవుతాయి. అక్కడ పగలు మందను మళ్ళించడం పులి పని. రాత్రి కావలి కొమొండోర్ అనే పెద్దకుక్కది. పులిని దువ్వరాదు; బొచ్చు అట్టకట్టకుండా పాయలు పాయలుగా చేతితో విడదీయాలి. స్నానం చేయిస్తే పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తడి లోపల నిలిస్తే దుర్వాసన, చర్మరోగం. ఇక మన చేలగట్ల పల్లేరుకాయలు, ఉత్తరేణి గింజలు, పిడుదులు ఆ జడల్లో చేరితే తీసేదెవరు? వేసవిలో ఇక్కడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. బొచ్చు కత్తిరించి పెంచవచ్చునంటారు. నిజమే. అప్పుడిక అంత దూరపు జాతి యెందుకు?

వద్దని వ్రాశాను. "ఏసీ గదిలో ఉంచుతాం సార్" అని జవాబు వచ్చింది. మందవెంట పరుగెత్తడానికి తరతరాలుగా తీర్చిన ప్రాణిని నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం నాకు ముద్దుగా తోచదు, శిక్షగానే తోస్తుంది.

పాపఘ్ని ఒడ్డున చేలల్లో ఎరువుకోసం రాత్రిళ్ళు గొర్రెల మంద నిలుపుతారు. కాపరి కునుకు తీసేది కుక్క మేలుకొని ఉన్నదనే ధైర్యంతో. పలుచని బొచ్చు, సన్నని నడుము, పేరైనా లేదు. దానికి రేబీస్ టీకా వేయించేవారు అరుదు.

కొల్లేటి ప్రాంతపు జోనంగి కథా ఇటువంటిదే. పొట్టిబొచ్చు, నుదుట ముడతలు, మొరిగేది తక్కువ. నేలలో గొయ్యి తవ్వుకొని పడుకొంటుంది. వేటకే కాక బాతుల మందలను కాయడానికీ దాన్ని పెంచేవారు. చేపలచెరువులు వచ్చి బాతులు తగ్గాయి, దాని కొలువూ పోయింది. తపాలాశాఖ 2005లో నాలుగు దేశవాళీ కుక్కలపై బిళ్ళలు వేసింది: హిమాలయ గొర్రెలకుక్క, రాంపూర్, ముధోల్, రాజపాళయం. జోనంగికి చోటు దక్కలేదు.

శునకం, సారమేయం, జాగిలం అని పర్యాయపదాలు ఏళ్ళతరబడి వల్లెవేయించినవాణ్ణి. సారమేయమంటే సరమ సంతతి. పణులు దాచిన ఆవుల జాడ తీసిన ఋగ్వేదపు సరమ. ఇదీ చెప్పాను. బడి ముందర కుక్కపై రాయి విసిరిన పిల్లవాణ్ణి మందలించిన జ్ఞాపకం మాత్రం లేదు.

నిన్న ఆ అబ్బాయి తండ్రి అంగడి దగ్గర కనబడి, "అయ్యవారూ, మందకుక్క ఈనింది. ఒక పిల్లను అడిగిపెట్టినాను. పేరు మావాడే చెప్పినాడు, పులి అంట" అన్నాడు.